కుడి చేతి ఇంటి తడి గోడ

మా మేనత్త ఈ ఊళ్ళో ఎన్ని కిటికీలకి బట్టలు తొడిగిందో లెక్కపెట్టగల మనిషి ఇంకా పుట్టలేదు. ఆమె కుట్టిన కర్టెన్లన్నీ ఒకదానికొకటి ముడేసుకుంటూ పోతే చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ కిటికీ ఉంటే దానికి కట్టి, మిగిలిన ముక్కతో రెండు దిండు గలీబులు కూడా కుట్టుకోవచ్చు. నేను కాలేజీ మధ్యలో వదిలేసినవాణ్ణి కాబట్టి నా లెక్క తప్పని అనేవాళ్ళు ఉంటారు. అనేముందు వాళ్ళు వెళ్ళి కర్టెన్లు కొలుచుకుని రావాలి.

ఊరందరి కిటికీలూ కప్పిన ఆ మనిషికి సొంత కిటికీ యాభై దాటాక గానీ దొరకలేదు. అంతవరకూ అన్నీ అద్దె ఇళ్ళే. ఒక ఇంట్లో మిషను వంటింటి గుమ్మానికి అడ్డం. ఇంకో ఇంట్లో మంచం కాళ్ళ దగ్గర. మావయ్య నిద్రలో కాలు చాపితే మిషను తొక్కేవాడు, అది దానంతటదే నాలుగు కుట్లు వేసేది. అందుకని అత్తయ్య బజారులో ఓ చిన్న కొట్టు అద్దెకి తీసుకుంది. అక్కడ కూడా కత్తిరింపు బల్లని గోడకి ఆనించాల్సిందే. పెద్ద గుడ్డ పరిస్తే సగం బల్ల మీద, సగం ఆమె భుజం మీద ఉండేది.

"నాకంటూ ఒక గది కావాలిరా అల్లుడూ. దాని మధ్యలో బల్ల. బల్ల చుట్టూ నాలుగు వైపులా నేను తిరగాలి," అనేది.

ఇదేం కోరిక అనుకునేవాళ్ళు గోడకి ఆనించిన బల్ల మీద ఒక తలుపంత గుడ్డ తిన్నగా కత్తిరించి చూపించండి. అప్పుడు మాట్లాడదాం.

ఆఖరికి కొత్తగా కట్టిన అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఇల్లు కొన్నారు. మెట్లెక్కి రాగానే ఎడమ చేతికి ఒక తలుపు, కుడి చేతికి ఒక తలుపు. కుడి చేతిది అత్తయ్యది. ఆ ఇంట్లో ఒక చిన్న గది ఉంది. దానికి మూల మీద కిటికీ: ఒక గోడలో వెడల్పు రెక్క, మూల తిరిగాక పక్క గోడలో సన్న రెక్క. వెలుతురు రెండు వైపుల నుంచీ బల్ల మీద పడుతుంది. ఆ గది చూశాక అత్తయ్య ఇంకేమీ చూడలేదు. వంటిల్లు ఉందో లేదో కూడా మావయ్యే చూసుకున్నాడు. మావయ్య బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు, కాబట్టి వంటింటి మీద ఆయనకి ఎలాగూ ఆశ లేదు.

గది చూసుకున్న ధైర్యంతో అత్తయ్య కొట్టు ఖాళీ చేస్తున్నానని కొట్టు యజమానికి చెప్పేసింది. ఆయన వెంటనే ఇంకో మనిషికి మాట ఇచ్చేశాడు. నెలాఖరుకి తాళం ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే చిన్న గది గోడ మీద తడి మచ్చ పుట్టింది.

మొదట అరచేతంత. వారం తిరిగేసరికి పళ్ళెమంత. తరువాత దానికి తీరాలు, దీవులు, ఒక ద్వీపకల్పం కూడా వచ్చాయి. ఓడ నడిపేవాళ్ళు ఎవరైనా ఆ గోడ ముందు నిలబడితే దారి కనుక్కునేవాళ్ళు. నేను చెవి ఆనించి విన్నాను, లోపల అలలు. అత్తయ్య నమ్మలేదు గానీ, తను కూడా చెవి ఆనించడం నేను చూశాను.

నవ్వులాట ఎలా ఉన్నా, ఆమె భయం ఒక్కటే. జనం ఇచ్చిన గుడ్డ తానులు ఆ గదిలో పెట్టాలి. తడి గదిలో గుడ్డ పెడితే రెండు రోజుల్లో ముక్క వాసన వేస్తుంది. ముక్క వాసన వేసే కర్టెను ఒక్కటి ఒక్క ఇంటికి వెళ్ళిందంటే, ఇన్నేళ్ళ పేరు ఆ కిటికీలోంచే బయటికి పోతుంది. కొట్టు పోయి, గది లేక, ఇక మిషను ఎక్కడ పెట్టాలి? మళ్ళీ మంచం కాళ్ళ దగ్గరేనా?

ఇల్లు అమ్మిన రోజున బిల్డరు మనుషులు, ఏడాదిలోపు ఏ లోపం వచ్చినా మాదే బాధ్యత అని చెప్పారు. అత్తయ్య ఫోను చేసింది. అవతల ఫోనులో ఒక అమ్మాయి తేనెలో ముంచిన గొంతుతో, "మీ ఫిర్యాదు అందిందండీ, మా వాళ్ళు చూసుకుంటారండీ," అంది. రెండు రోజులకి అత్తయ్య ఫోనుకి కబురు వచ్చింది: పని పూర్తయింది. కింద ఒక ఫోటో. నల్ల గొట్టం, దాని మెడ చుట్టూ తాజా సిమెంటు.

అత్తయ్య ఫోటో చూసింది, గోడ చూసింది. గోడ తడిగానే ఉంది.

"ఎవరూ ఇంట్లోకి రాలేదు కదండీ, ఎప్పుడు చేశారు?" అంది మావయ్యతో.

"బయటి నుంచి చేసుంటారు. ఆరడానికి టైము పడుతుంది. రొట్టె కూడా పొయ్యిలోంచి తీసిన వెంటనే కొయ్యకూడదు," అన్నాడు మావయ్య. ఆయనకి లోకంలో ప్రతిదీ రొట్టే.

ఆరలేదు. మళ్ళీ ఫోను, మళ్ళీ తేనె, మళ్ళీ పని పూర్తయింది, మళ్ళీ సిమెంటు మెడ ఫోటో. మచ్చ మాత్రం ఇంకో దీవిని కన్నది.

మూడోసారికి సైటు ఇంజినీరే వచ్చాడు, వెంట మేస్త్రీని పెట్టుకుని. ఇంజినీరు ఏ మాట అడిగినా "అయిపోయిందండీ" అంటాడు. అందుకని ఆయనకి నేను ఆ పేరే పెట్టాను. అయిపోయిందండీగారు గోడ మీద వేలు పెట్టి, వేలు చూసుకుని, రుమాలుకి తుడుచుకున్నాడు.

"గోడ వెనక స్నానాలగది. దాని అవతల డక్టు," అని గోడకే చెప్పాడు. డక్టు అంటే పైనుంచి కిందకి నీళ్ళ గొట్టాలు దిగే సన్నని చీకటి సందు. "అక్కడ పై ఇంటి గొట్టం అతుకు కారుతుంటుంది. దాన్ని మూసేశాం. అయిపోయిందండీ."

"మరి ఈ తడి?" అంది అత్తయ్య.

"మేడం, మీరు ఈ గదిలో ఇస్త్రీ చేస్తారా?"

"ఇంకా మిషనే తేలేదు. ఇస్త్రీ ఎక్కడ?"

"పోనీ, ఊపిరి తీస్తారు కదా. ఊపిరిలో కూడా తేమ ఉంటుందండీ."

నేను ఊరుకుంటానా. "అయితే మా అత్తయ్య గుమ్మం బయట ఊపిరి వదిలేసి లోపలికి వస్తుందిలెండి," అన్నాను.

మేస్త్రీ మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. తరువాత గోడని రెండు చేతులతో తడిమాడు. "నా చేత్తోనే మూశానమ్మా అతుకు. రెండుసార్లు. మేడ మీద నుంచి తాడు కట్టుకుని దిగి మరీ. ఇది ఎక్కణ్ణుంచి వస్తుందో నాకూ తెలీటంలా," అన్నాడు. ఆ మనిషి అబద్ధం చెప్పటం లేదని అతని గోళ్ళలో సిమెంటు చూస్తేనే తెలుస్తోంది. అదే మాకు ఇంకా అయోమయం. మూశానంటాడు, మూశాడు కూడా, అయినా కారుతోంది.

ఆ తరువాత ఇంట్లో ఎవరి సిద్ధాంతం వాళ్ళది. మావయ్య స్నానాలగదికి తాళం వేసి, బేకరీ నుంచి రాగానే వెనక వైపు బాల్కనీలో బకెట్టు పెట్టుకుని స్నానం చేశాడు. ఎదుటి భవనం వాళ్ళు ముందు ఆశ్చర్యపోయారు, తరువాత అలవాటుపడ్డారు. తడి తగ్గలేదు. కిటికీ తీసి ఉంచారు, గాలికి ఆరుతుందేమోనని. తగ్గలేదు. మూసి ఉంచారు. తగ్గలేదు. ఫ్యాను గోడ వైపు తిప్పి పెట్టారు. ఆ ఫ్యానుకే జలుబు చేసిందని నేను అందరికీ చెప్పాను, ఇప్పటికీ చెప్తున్నాను.

ఇక లాభం లేదని కంపెనీ ఆఫీసుకి నేనే బయలుదేరాను. నా నోరు చూసి గేట్లు తెరుచుకున్న ఆఫీసులు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. ఈ ఆఫీసులో గేటు తెరిచే ఉంది, కాబట్టి నా నోటికి మొదట్లోనే పని తగ్గింది. చల్లటి హాలులో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. గాజు పెట్టెలో అపార్టుమెంటు బొమ్మ పెట్టారు, అందులో అన్ని గోడలూ పొడిగా ఉన్నాయి. ఆ సంగతి నేను గట్టిగానే అన్నాను. అక్కడి పెద్దమనిషి కంప్యూటరు నా వైపు తిప్పి, "చూడండి సార్, మీ ఇంటి పని ఇప్పటికి ఎన్నిసార్లు చేశామో. ఏ ఇంటికీ ఇంత చెయ్యలేదు," అన్నాడు. చూశాను. నిజమే. దబాయిద్దామని వెళ్ళినవాణ్ణి థాంక్సు చెప్పి వచ్చాను. కంపెనీ టోపీ ఒకటి ఇచ్చారు.

"ఏమన్నారురా?" అంది అత్తయ్య.

"చాలాసార్లు చేశారట."

"నెత్తి మీద అదేంటి?"

"టోపీ."

"పెట్టి పంపించారన్నమాట," అంది, నా వైపు చూడకుండానే.

ఈ గొడవల మధ్యలో ఎదురింటి తలుపు తెరుచుకుంది. అంటే ఎడమ చేతి ఇల్లు. అందులో ఉండేది పళ్ళ డాక్టరమ్మ. ఆమె చేతిలో అత్తయ్య కుట్టిన కర్టెను ఫోటో ఒకటి, ఎవరింట్లోనో చూసిందట.

"అక్కా, మా చిన్న గదికి కూడా ఇలాంటివే కావాలి. బూడిదరంగు గుడ్డ, ఎర్ర అంచు," అని, మాటలో మాటగా, "ఈ కంపెనీవాళ్ళు ఎంత మంచివాళ్ళండీ. మేం అడక్కుండానే మా బాత్రూం వెనక గొట్టాలు మాటిమాటికీ చూసి వెళ్తున్నారు. నిన్న కూడా మేస్త్రీ ఠకఠకలాడించి వెళ్ళాడు," అంది.

అత్తయ్య మొహం చూడాల్సింది. డాక్టరమ్మ వెళ్ళిపోయాక తలుపు వేసి గోడకి ఆనుకుంది. పొడి గోడకే. "అడిగినవాళ్ళకి ఆరదు, అడగనివాళ్ళకి మాటిమాటికీ చేస్తారా? ఇదేం కంపెనీరా?"

"పళ్ళ డాక్టరు కదా. బిల్డరు పళ్ళన్నీ ఆమె చేతిలో ఉండుంటాయి. నువ్వు కర్టెన్లతో ఏం బెదిరిస్తావు?" అన్నాను.

నేను వేళాకోళానికి అన్నాను గానీ ఆమె రెండు రోజులు నిజమనే అనుకుంది. మేస్త్రీ లంచం తీసుకున్నాడేమో, ఇంజినీరుకి పంటినొప్పేమో అని ఏవేవో ఊహించుకుంది. అంత గందరగోళంలో ఉండి, జన్మలో చెయ్యని పని ఒకటి చేసింది. టేపు తీసుకుని ఎదురింటికి వెళ్ళి కొలత తీసుకోలేదు. "కొలతెందుకు? వాళ్ళ ఇల్లూ మన ఇల్లూ ఒకటేగా," అని తన చిన్న గది కిటికీనే కొలిచి, దానికి సరిపడా కర్టెన్లు కుట్టేసింది. వెడల్పు రెక్కకి ఒకటి, సన్న రెక్కకి ఒకటి, ఒక్కో కర్టెనుకీ గోడ వైపు ఎర్ర అంచు, వెనక తెల్ల అస్తరు. కొట్టులో ఆమె కుట్టిన ఆఖరి పని అది. మర్నాడు కొట్టు తాళం ఇచ్చేసింది. తానులన్నీ హాల్లోకి వచ్చి పడ్డాయి. మావయ్య వాటి మధ్య సందు చేసుకుని నిద్రపోతున్నాడు.

కర్టెన్లు తగిలించడానికి ఇద్దరం ఎదురింటికి వెళ్ళాం. నిచ్చెన నా భుజం మీద. డాక్టరమ్మ దారి చూపించబోతే, "తెలుసులెండి, మా ఇల్లే కదా," అని అత్తయ్య తిన్నగా నడిచి, అలవాటు చొప్పున పక్కకి తిరిగింది. అటు చిన్న గది లేదు. వంటిల్లు ఉంది.

"ఇదేంటి, మీరు గదులు మార్పించారా?" అంది.

"లేదే," అంది డాక్టరమ్మ.

వెనక్కి వచ్చి, చిన్న గది వెతుక్కుని, నిచ్చెన వేశాం. వెడల్పు కర్టెను తీసుకెళ్ళి మా ఇంట్లో వెడల్పు రెక్క ఉండే వైపు తగిలిస్తే, అక్కడ సన్న రెక్క ఉంది. గుడ్డ సగం గోడ మీద వేలాడింది. సరే అని అటుది ఇటు, ఇటుది అటు మార్చాం. వెడల్పులు సరిపోయాయి, కానీ ఎర్ర అంచులు గోడ వైపు పోకుండా రెండూ వచ్చి మూలలో కలుసుకున్నాయి. ఏదో రహస్యం చెప్పుకుంటున్నట్టు. తిప్పి తగిలిద్దామంటే తెల్ల అస్తరు గదిలోకి వస్తుంది.

అత్తయ్య నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయింది. కాసేపు కిటికీ చూసింది. తన చేతులు చూసుకుంది, ముందు ఒకటి, తరువాత ఇంకొకటి.

"అద్దంలో చూసినట్టుంది," అంది నెమ్మదిగా. "నా ఇల్లే. కానీ అద్దంలో నా ఇల్లు."

తరువాత స్నానాలగదిలోకి వెళ్ళి, దాని వెనక గోడని గుద్ది చూసింది. "డాక్టరమ్మా, మేస్త్రీ ఠకఠకలాడించింది ఈ గోడ వెనకేనా?"

"అక్కడేనక్కా."

"ఎన్నిసార్లు?"

"మీరు ఎప్పుడు అరిచినా రెండో రోజుకి."

ఇంక చెప్పక్కర్లేదు. నేను ముందే చెప్పగలిగేవాణ్ణి, ఎవరూ అడగలేదు. అత్తయ్య తన ఇంటి కొలతతో ఎదురింటికి కుట్టింది. మేస్త్రీ అత్తయ్య ఇంటి ఫిర్యాదుకి ఎదురింటి అతుకు మూశాడు.

మర్నాడు పొద్దున ఇంజినీరునీ మేస్త్రీనీ పిలిపించి మెట్ల మీద రెండు తలుపుల మధ్య నిలబెట్టింది. సంగతి చెప్పింది. అయిపోయిందండీగారు నమ్మలేదు. ఫోనులో ఇంటి నక్షా తీశాడు. కంపెనీలో అందరి దగ్గరా ఉండేది ఎడమ చేతి ఇంటికి గీసిన ఆ ఒక్క నక్షాయే, అన్ని ఇళ్ళకీ అదే.

"చూడండి మేడం, డక్టు ఎడమ పక్క. మేం ఎడమ డక్టులోనే దిగాం."

"ఏ ఎడమ? లోపలికి వెళ్తుంటే ఎడమా, బయటికి వస్తుంటే ఎడమా?"

ఆయన లోపలికి వెళ్తున్నట్టు తిరిగాడు. మళ్ళీ బయటికి వస్తున్నట్టు తిరిగాడు. ఫోను తిప్పి చూశాడు. ఫోను తిప్పితే అందులో బొమ్మ కూడా తిరిగి నిటారుగా నిలబడింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ నిలబడింది.

"నా ఎడమ వేరేనండి," అన్నాడు మేస్త్రీ. "నేను తాడు మీద గోడకేసి మొహం పెట్టి దిగుతాను. మేడ మీద మళ్ళీ మెట్లు ఇటు తిరుగుతాయి. అందుకే నేను ఆలోచించను, సార్ ఎటు చెబితే అటు."

అందరూ చేతులు చాపారు. ఇంజినీరు చెయ్యి అటు, మేస్త్రీ చెయ్యి ఇటు, బేకరీకి వెళ్ళబోతూ ఆగిన మావయ్య చేతులు రెండు వైపులా. పై అంతస్తు నుంచి దిగుతున్న ఒకాయన ఇదేదో వ్యాయామం అనుకుని పక్కనుంచి ఒద్దికగా జరిగి వెళ్ళాడు. నా ఎడమ ఏదో నాకే అనుమానం వచ్చింది, అన్నం తినే చెయ్యి గుర్తుచేసుకుని సర్దుకున్నాను.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న డాక్టరమ్మ నవ్వాపుకుని అంది: "నా కుర్చీలో కూర్చున్నవాళ్ళతో నాకు రోజూ ఇదే గొడవ. వాళ్ళ కుడి నాకు ఎడమ. ఒకసారి పాడైన పన్ను వదిలేసి అవతలి వైపుది పీకబోయాను. అప్పటినుంచీ నోటిమాట వినను. నొప్పెట్టే పన్ను మీద నువ్వే వేలు పెట్టి ఉంచు అంటాను."

అత్తయ్య గిరుక్కున వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ కర్టెను నుంచి రాత్రే ఊడదీసిన ఎర్ర అంచు తెచ్చి, ఒక కొస కర్రకి కట్టి నా చేతికిచ్చింది. "పో. మన స్నానాలగది వెంటిలేటరులోంచి డక్టులోకి వేలాడెయ్యి. మేస్త్రీ, నువ్వు మేడెక్కు. ఎడమ వద్దు, కుడి వద్దు. ఎర్ర గుడ్డ ఎక్కడ కనిపిస్తే అక్కడ దిగు."

ఈ ఎర్ర గుడ్డ ఆలోచన సగం నాదేనని నేను ఎన్నిసార్లు చెప్పినా అత్తయ్య ఒప్పుకోదు. కర్ర పట్టుకున్నవాడికి ఏమీ భాగం ఉండదా?

వేలాడేశాను. పైన మేస్త్రీ అడుగుల చప్పుడు ఒక వైపు వెళ్ళి ఆగింది. కాసేపటికి ఇంకో వైపు వెళ్ళింది. తరువాత డక్టులో పైనుంచి అతని గొంతు గొట్టంలో మాట్లాడినట్టు వినిపించింది.

"అమ్మా, గుడ్డ ఇటుంది. నేను ఇటు ఎప్పుడూ దిగలేదు."

దిగాడు. అతుకు దగ్గరికి వచ్చి తాడు మీద ఆగాడు. ఏమైందని ఇంజినీరు అరిస్తే, "ఏం లేదు సార్. ఇక్కడ అసలు మూసిందే లేదు. నీళ్ళు హాయిగా జారుతున్నాయి," అన్నాడు. ఎదురింటి అతుకుకి అప్పటికే ఎంత సిమెంటు పట్టిందంటే, ప్రళయం వచ్చినా ఆ ఒక్క గొట్టం నిలబడుతుంది.

ఆ రోజు అతుకు మూశారు. సాయంత్రం దాకా అయిపోయిందండీగారు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మేడం, ఆ గుడ్డ ఇంకా ఉందా? పైనా కిందా కుడి చేతి ఇళ్ళవాళ్ళు కూడా చాలా ఫోన్లు చేస్తున్నారు," అన్నాడు. అత్తయ్య అంచుని ముక్కలు చేసి ఇచ్చింది. ఓ వారం పాటు ఆ డక్టులోకి తొంగిచూస్తే అన్ని అంతస్తుల నుంచీ ఎర్ర నాలుకలు బయటికి చాపినట్టు ఉండేది.

గోడ వెంటనే ఆరలేదు. ముందు దీవులు పోయాయి, తరువాత ద్వీపకల్పం. తానులు హాల్లోనే ఉన్నాయి, మావయ్య వాటి మధ్యే పడుకున్నాడు, నిద్రలో కాలు తగిలి ఒక తాను తలుపు దాకా పరుచుకుంది కూడా. అత్తయ్య రోజూ లేవగానే అరచెయ్యి గోడ మీద పెట్టి, చెంప మీద పెట్టుకుని చూసుకునేది. ఒక రోజు చెంప మీద నుంచి చెయ్యి తియ్యలేదు, అలాగే నిలబడింది. ఆ రోజే బల్ల తెప్పించింది.

బల్ల గది మధ్యలో పెట్టించి, దాని మీద ఏ గుడ్డా పరచకుండానే ఒకసారి చుట్టూ తిరిగింది. మళ్ళీ ఇంకోసారి, ఈసారి అటు నుంచి. అప్పుడు డాక్టరమ్మ కర్టెన్లు తెచ్చి పరిచింది.

"అవి అలాగే ఉండనీ అక్కా, అంచు లేకపోయినా బాగానే ఉంటాయి," అంది డాక్టరమ్మ.

"కుదరదు. తప్పు నాది, సరిచేసేది నేనే," అంది అత్తయ్య. కొత్త ఎర్ర అంచు కత్తిరించి, టేపు మెడలో వేసుకుని, నా వైపు తిరిగింది. "ఒరేయ్, ఎదురింటికి వెళ్ళి, కర్టెను రాడ్లకి అంచు రావాల్సిన వైపు ఈ ఎర్ర దారం కట్టి రా. ఎడమ అనీ కుడి అనీ వచ్చి చెప్పకు. కట్టి రా, అంతే."

వెళ్ళి కట్టి వచ్చాను. అయినా సూదిలో దారం ఎక్కించేముందు ఆమె లేచి ఎదురింటికి వెళ్ళి చూసి వచ్చింది. నేను కట్టింది సరైన వైపే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు కాబట్టి నేనే ఇక్కడ రాశాను.